జూకి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: చరిత్ర, నైతికత, చూసే పద్ధతి

జూ మాట ఎత్తితే చాలు, దాదాపు అవే సందేహాలు వస్తుంటాయి. వెళ్లడం తప్పా, మొదటి జూ ఎక్కడ పెట్టారు, జంతువులు ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాయెందుకు... ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకురావడం కంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించి ఇది రాశాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఫోన్‌లో ఇంత క్లియర్‌గా జంతువుల వీడియోలు ఉన్నాయి, ఇంకా జూకి వెళ్లడం ఎందుకు?

వీడియోలో మనకి కనిపించేది వేట, పోట్లాట, పిల్లల్ని కనడం. వాటి మధ్య గంటల తరబడి ఏమీ జరగని సమయాన్ని కత్తిరించేస్తారు, నిజానికి జంతువు బతుకులో ఎక్కువ భాగం అదే. జూలో ఆ భాగం చూస్తాం. పైగా సైజు, వాసన, చప్పుడు అనేవి స్క్రీన్ మీద రావు. జిరాఫీ కాళ్లే ఆరడుగుల దాకా ఉంటాయని చదవడం వేరు, దాని పక్కన తలెత్తి నిలబడటం వేరు. సింహం గర్జన చెవికి వినపడటంతో ఆగదు, దగ్గర్లో ఉంటే ఛాతీలో అదురుతుంది. బింటురాంగ్ అని చెట్ల మీద తిరిగే నల్లటి జంతువు ఒకటుంది, దాని ఎన్‌క్లోజర్ దగ్గరికి వెళ్తే అచ్చం పాప్‌కార్న్ వాసన వస్తుంది. పాప్‌కార్న్‌కి ఆ వాసననిచ్చే పదార్థమే దాని మూత్రంలోనూ ఉంటుంది. ఇలాంటివి ఎన్ని వీడియోలు చూసినా అనుభవంలోకి రావు.

జంతువుల్ని బంధించిన చోటికి డబ్బిచ్చి మరీ వెళ్లడం తప్పు కాదా?

ఈ ప్రశ్న మనసులో మెదలడం మంచిదే, అడిగేవాళ్లని తేలిగ్గా తీసిపారేయకూడదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: జూలన్నిటికీ కలిపి ఒకే తీర్పు ఇవ్వలేం. ఇరుకు గదిలో, సిమెంటు నేల మీద, దాక్కోవడానికి చోటు లేకుండా పులిని ఉంచే జూకి వెళ్లొద్దు. అంతరించిపోతున్న జాతుల్ని పద్ధతిగా పెంచుతూ, అడవిలో జరిగే సంరక్షణకి డబ్బు పంపే జూకి మీ టికెట్ డబ్బు నిజంగా పనికొస్తుంది. జంతువుల్లో కూడా తేడా ఉంది. ధ్రువపు ఎలుగు, సింహం లాంటి వాటికి అడవిలో చాలా పెద్ద పరిధి ఉంటుంది, అలాంటి మాంసాహారులే బందీగా ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పడతాయని 2003లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. చిన్న కప్పలు, బల్లులు, కొన్ని పక్షుల విషయం అలా కాదు. అందుకే నా దృష్టిలో "జూ ఉండాలా వద్దా" కంటే "ఏ జంతువు, ఏ ఏర్పాట్లలో" అనేది అడగాల్సిన ప్రశ్న.

మంచి జూనో కాదో వెళ్లకముందే ఎలా తెలుసుకోవాలి?

ముందు వాళ్ల ప్రకటనలు చూడండి. పులిపిల్లని ఒళ్లో పెట్టుకుని సెల్ఫీ, ఏనుగు మీద సవారీ, కోతితో సర్కస్ విద్యలు కనిపిస్తే వదిలేయండి. పులిపిల్లతో ఫొటోల వ్యాపారం నడవాలంటే ఎప్పటికప్పుడు కొత్త పిల్లలు పుడుతూనే ఉండాలి, కాస్త పెద్దవి కాగానే వాటి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత ఏ జాతుల్ని పెంచుతున్నారో, ఎక్కడైనా అడవిలో వదిలారో చెప్తున్నారా చూడండి. గేటు దాటాక ఇంకో గుర్తు ఉంది: జంతువు మనకి కనపడకుండా పోయే వీలుందా లేదా. ఎన్‌క్లోజర్ ఖాళీగా కనిపిస్తే చాలామంది చిరాకు పడతారు గానీ, దాక్కునే చోటు ఇచ్చారంటే అది మంచి లక్షణమే.

పసిపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

భేషుగ్గా. కాకపోతే మూడేళ్ల పిల్లకి ఏనుగు ఎంతో పిచ్చుక కూడా అంతే, చాలాసార్లు జూలోకి వచ్చి వాలిన మామూలు పావురాన్నే చూస్తూ కూర్చుంటారు. చూడనివ్వండి.

## చరిత్ర తెలుసుకోవాలనిపించినప్పుడు

అసలు మొట్టమొదటి జూ ఏది?

ఇప్పటివరకు దొరికిన ఆధారాల్లో బాగా పాతవి ఈజిప్టులోని హీరాకోన్‌పోలిస్‌లో ఉన్నాయి. దాదాపు 5,500 ఏళ్ల కిందటి సమాధుల్లో ఏనుగులు, నీటిగుర్రాలు, బబూన్ కోతుల ఎముకలు దొరికాయి. వాటిలో కొన్ని విరిగి, మళ్లీ అతుక్కున్న ఎముకలు. అంటే దెబ్బ తగిలాక కూడా ఆ జంతువు కొన్ని వారాలైనా మనుషుల దగ్గరే, వాళ్లు పెట్టిన తిండితో బతికిందన్నమాట. అయితే అది జనం చూడటానికి పెట్టింది కాదు, పాలకుల దర్పానికి గుర్తు. ఇప్పటికీ నడుస్తున్న వాటిలో పాతది ఏదంటే వియన్నాలోని షోన్‌బ్రున్ జూ, 1752లో మొదలైంది. మధ్యలో ఒక మంటపం, దాని చుట్టూ వృత్తాకారంలో 13 ఆవరణలు కట్టారు, చక్రవర్తి ఆ మంటపంలో కూర్చుంటే చుట్టూ ఉన్న జంతువులన్నీ కనిపించేవి.

రాజులకి ఈ జంతువుల పిచ్చి ఎందుకు?

దూరదేశపు జంతువు దగ్గరుందంటే ఆ దూరదేశం దాకా తన చెయ్యి చాస్తుందని చాటినట్టు. లండన్ టవర్ అనే కోటలో ఆరొందల ఏళ్ల పాటు రాజుగారి జంతువులు ఉండేవి. 1252లో నార్వే రాజు ఒక తెల్ల ఎలుగుబంటిని కానుకగా పంపాడు. దానికి మూతికట్టు, గొలుసు, పొడవాటి తాడు ఏర్పాటు చేసి థేమ్స్ నదిలోకి దింపేవాళ్లు, అది ఈదుతూ చేపలు పట్టుకునేది. 1255లో ఫ్రాన్సు రాజు ఏనుగుని పంపితే చూడటానికి జనం విరగబడ్డారు, పాపం రెండేళ్లకే పోయింది.

అందరూ దర్పం కోసమే చేశారని మాత్రం అనలేం. మొఘల్ చక్రవర్తి జహంగీర్ ఒక సారస కొంగల జంటకి లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి పెంచాడు. అవి జతకట్టడం, గుడ్లు పెట్టడం, పొదగడం ఓపిగ్గా గమనించి తన జ్ఞాపకాల్లో వివరంగా రాసుకున్నాడు. ఇంత పెద్ద సామ్రాజ్యం ఏలేవాడు కొంగల గూటి దగ్గర అంత శ్రద్ధ పెట్టాడంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా గౌరవమే కలుగుతుంది.

మామూలు జనాన్ని ఎప్పటినుంచి రానిచ్చారు?

18వ శతాబ్దం చివర్లో మొదలైంది. షోన్‌బ్రున్‌లోకి 1770ల చివర్లో ప్రజల్ని అనుమతించారు. ఫ్రెంచి విప్లవం వచ్చాక, 1790లలో రాజుగారి దగ్గర మిగిలిన జంతువుల్ని పారిస్‌లోని జార్దాన్ దే ప్లాంత్ అనే వృక్షశాస్త్ర ఉద్యానానికి తెచ్చి పెట్టారు, అలా రాజు సొత్తు జనం సొత్తయింది. లండన్ జూ 1828లో తెరిచినా మొదట అది జంతుశాస్త్ర సంఘం సభ్యుల పరిశోధన కోసమే, మామూలు జనానికి 1847లో గానీ తలుపులు తెరవలేదు. 1850లో నైలు నది నుంచి ఒబైష్ అనే నీటిగుర్రప్పిల్ల వచ్చేసరికి ఆ ఏడాది సందర్శకులు రెట్టింపయ్యారు. జనాకర్షణ ఉన్న ఒక్క జంతువు జూ గతిని మార్చేస్తుందని అప్పుడే తేలిపోయింది.

ఊచల బోన్లు పోయి ఈ కందకాలు ఎప్పుడొచ్చాయి?

హాంబర్గ్‌కి చెందిన జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ 1907లో ష్టెలింగెన్‌లో తెరిచిన జూతో. ఏ జంతువు ఎంత దూరం, ఎంత ఎత్తు దూకగలదో పరీక్షించి చూసి దాన్నిబట్టి కందకాల కొలతలు పెట్టాడు. ముందు నీటిపక్షులు, వాటి వెనక గడ్డి మేసే జంతువులు, ఇంకా వెనక సింహాలు, మధ్యలో కందకాలు మన కంటికి కనపడవు కాబట్టి అన్నీ ఒకే మైదానంలో ఉన్నట్టు అనిపిస్తుంది. 1970ల చివర్లో అమెరికాలోని సియాటిల్ జూ ఇంకో అడుగు వేసింది. గొరిల్లాల ఆవరణలో చెట్లూ పొదలూ దట్టంగా పెంచి, చూసేవాళ్లు కూడా అదే పచ్చదనంలోంచి నడిచివెళ్లేలా కట్టారు. గొరిల్లాలు మొక్కలన్నీ పీకేస్తాయని చాలామంది భయపడ్డారట గానీ అలా జరగలేదు.

జూలో మనుషుల్ని కూడా ప్రదర్శించారంటారు, నిజమేనా?

నిజమే, దాన్ని దాచకుండా చెప్పాలి. కందకాల జూ కట్టిన హాగెన్‌బెక్కే 1874 నుంచి ఉత్తర ఐరోపాకి చెందిన సామీ ప్రజల్ని, తర్వాత ఇంకా ఎన్నో జాతుల వాళ్లని తెచ్చి జనానికి చూపించాడు. 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ కాంగో నుంచి వచ్చిన ఓటా బెంగా అనే యువకుడిని కోతుల భవనంలో ప్రదర్శనకి పెట్టింది. నల్లజాతి పాస్టర్లు గట్టిగా నిలదీశాకే ఆపారు. ఆయన 1916లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ జూని నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో, అంటే 114 ఏళ్ల తర్వాత. జూ చరిత్రని కేవలం జంతువుల చరిత్రగా చెప్పుకుంటే ఇది జారిపోతుంది.

యుద్ధాలప్పుడు జూల్లో జంతువులు ఏమయ్యాయి?

తల్చుకుంటేనే బాధేస్తుంది. 1870లో పారిస్ ముట్టడిలో ఆకలికి తాళలేక కాస్టర్, పొలక్స్ అనే ఏనుగుల్ని కూడా కోసుకు తిన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బెర్లిన్ జూలో దాదాపు 3,700 జంతువుల్లో 91 మాత్రమే మిగిలాయి. 1943లో టోక్యోలోని ఉఎనో జూలో, బాంబులు పడితే క్రూరమృగాలు తప్పించుకుంటాయని వాటిని చంపేయమన్నారు. ఏనుగులు విషం కలిపిన బంగాళాదుంపలు ముట్టుకోలేదు, దాంతో తిండి మానిపించారు. టోంకీ అనే ఏనుగు, తోటి ఏనుగుతో కలిసి, జూ మనుషులు కనపడినప్పుడల్లా నేర్పిన విద్యలు చేసి చూపించేది, చేస్తే తిండి పెడతారని. 1949లో జపాన్ పిల్లలు ఏనుగు కావాలని అడిగితే నెహ్రూ తన కూతురి పేరు పెట్టిన ఇందిర అనే ఏనుగుని అదే జూకి పంపాడు.

జూల వల్ల ఏ జంతువైనా నిజంగా బతికి బట్టకట్టిందా?

బతికాయి, పోయినవీ ఉన్నాయి. ముందు పోయినవి చెప్తాను. క్వాగా అంటే సగం ఒంటికే చారలుండే ఒకరకం జీబ్రా; చివరి క్వాగా 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయినప్పుడు, అది ఆఖరిదని కూడా ఎవరికీ తట్టలేదు. ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఎగిరిన పాసెంజర్ పావురాల్లో చివరిది, మార్తా, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో పోయింది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో థైలసిన్‌ని (వీపు మీద చారలుండే, కుక్కలా కనిపించే మాంసాహారి) చంపకూడదని చట్టం చేసిన 59 రోజులకే, 1936 సెప్టెంబర్ 7న, హోబార్ట్ జూలో ఉన్న చివరిది కన్నుమూసింది.

ఆ దెబ్బల తర్వాతే పద్ధతిగా పెంచడం ఊపందుకుంది. ఐరోపా బైసన్ అనే అడవిదున్న లాంటి జంతువు అడవిలో 1927కల్లా పూర్తిగా పోయింది. జూల్లో మిగిలిన వాటిలో 12 జంతువుల సంతానమే ఇప్పుడున్నవన్నీ. దగ్గరి బంధువుల మధ్య జత కలవకుండా ఏది ఎవరి బిడ్డో రాసే వంశావళి పుస్తకం మొదట వాటికే వేశారు, 1932లో. 1952లో మళ్లీ అడవిలోకి వదిలారు. అరేబియన్ ఓరిక్స్ అనే ఎడారి జింక కథ కూడా చెప్పాలి. 1972కి అడవిలో ఒక్కటీ లేదు, ఫీనిక్స్ లాంటి జూల్లో పెంచిన వాటిని 1982లో ఒమాన్‌లో వదిలారు, 2011కల్లా ప్రమాదస్థాయి ఒక మెట్టు తగ్గింది. కానీ అదే ఒమాన్‌లో మధ్యలో వేటగాళ్లు మళ్లీ పడి మందని బాగా తగ్గించేశారు. జూ జంతువుని కాపాడి ఇవ్వగలదు, తుపాకీని మాత్రం ఆపలేదు.

## వెళ్లే రోజు

ఏ టైమ్‌కి వెళ్తే జంతువులు చురుగ్గా కనిపిస్తాయి?

గేటు తెరవగానే, లేదా సాయంత్రం మూసే ముందు. చాలా జంతువులు ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కదలవు. ఉదయాన్నే బయటికి వదలగానే రాత్రి వాసనలు వెతుక్కుంటూ ఆవరణంతా ఒక చుట్టు చుట్టి వస్తాయి, పులి అయితే తన గుర్తులు మళ్లీ వేసుకుంటూ తిరుగుతుంది. మేత టైమ్, కీపర్లు మాట్లాడే టైమ్ బోర్డు మీద రాసి ఉంటే దాన్ని బట్టి ప్లాన్ చేసుకోండి. చల్లగా మబ్బు పట్టిన రోజు దొరికితే అసలు వదలొద్దు.

ఒక్కరోజులో అన్నీ చూసేయడం ఎలా?

చూడొద్దు. లిస్టు పట్టుకుని ఒక్కోదాని ముందు అర నిమిషం నిలబడి "చూశాం, పద" అనుకుంటే సాయంత్రానికి కాళ్లనొప్పులు తప్ప ఏమీ మిగలవు. నాలుగైదు జంతువులు ఎంచుకోండి, ఒక్కోదాని దగ్గర ఇరవై నిమిషాలు కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ తర్వాత కన్ను అలవాటు పడుతుంది. ఏ కోతి ఎవరికి దారి ఇస్తోంది, ఏ పిల్ల ఎవరి పక్కకి చేరుతోంది, అవన్నీ అప్పుడే కనిపిస్తాయి. కీపర్ ఖాళీగా ఉంటే ఒక ప్రశ్న అడగండి. "దీనికి పేరుందా, ఎలాంటి స్వభావం" అంటే చాలు, ఏ బోర్డు మీదా లేని సంగతులు చెప్తారు.

## ఎన్‌క్లోజర్ ముందు నిలబడ్డప్పుడు

సింహం ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుంది, జబ్బు చేసిందా?

లేదు. అడవిలో కూడా సింహం రోజుకి 20 గంటల దాకా విశ్రాంతిలోనే ఉంటుంది. లేపాలని అరవడం, అద్దం మీద కొట్టడం దయచేసి చేయొద్దు.

పులి ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతోంది, ఏమైంది దానికి?

రెండు రకాలుంటాయి. మేత వచ్చే టైమ్‌కి తలుపు దగ్గర కాసేపు తిరిగితే అది ఎదురుచూపు. అదే గంటల తరబడి అదే గీత మీద, అదే మూల దగ్గర అదే తీరుగా తల తిప్పుతూ తిరుగుతుంటే ఒత్తిడికి గుర్తు. పాతకాలపు బోన్లలో నేల మీద ఆ పాదాల దారి అరిగిపోయి కనిపించేది. స్విట్జర్లాండ్‌కి చెందిన జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ 1940లలోనే దీని గురించి రాశాడు. జంతువుకి చోటు ఎంత ఉందన్న దాంతో సరిపోదు, ఆ చోటులో చేయడానికి పని ఉండాలన్నాడు. అందుకే ఇప్పుడు మంచి జూల్లో తిండిని దాచిపెడతారు, పండ్లు ఐసు గడ్డల్లో పెట్టి ఇస్తారు, పిల్లి జాతి జంతువులకి మసాలా దినుసులో పర్‌ఫ్యూమో చల్లిన దుంగలు పెడతారు. ఒత్తిడితో తిరుగుతున్నట్టు అనిపిస్తే జూవాళ్లకి చెప్పండి, రాతపూర్వకంగా అయితే ఇంకా మంచిది.

గొరిల్లాని చూసి నవ్వితే ఏమవుతుంది?

మనకి నవ్వు స్నేహం, చాలా కోతి జాతులకి పళ్లు కనపడటం భయమో బెదిరింపో. కళ్లలోకి సూటిగా చూడటం గొరిల్లాకి సవాలు విసిరినట్టు. 2007లో రోటర్‌డామ్ జూలో ఒక మగ గొరిల్లా కందకం దాటి వచ్చి, తరచూ వచ్చి తనని చూస్తూ నవ్వే మహిళని తీవ్రంగా గాయపరిచింది. కాస్త పక్కకి తిరిగి, ఓరకంట చూస్తూ, నోరు మూసుకుని కూర్చోండి. అప్పుడది కూడా మిమ్మల్ని తీరిగ్గా గమనిస్తుంది.

తెల్లపులి అరుదైన జాతి కదా, ముందు దాన్నే చూడాలా?

వేరే జాతి కాదు, మామూలు పులే. ఒక జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే తెల్లగా పుడుతుంది. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే పిల్ల నుంచి, దాని కూతురితోనే జత కలిపి ఈ వంశాన్ని పెంచారు. ఆ దగ్గరి సంబంధాల వల్ల మెల్లకన్ను, ఇంకా ఇతర లోపాలు వస్తుంటాయి. అమెరికా జూల సంఘం 2011లో తన సభ్యుల్ని ఇలా పెంచొద్దంది. దాని తప్పేమీ లేదు, చూడండి. కానీ సంరక్షణ పేరుతో వాటిని పెంచుతున్నామంటే నమ్మొద్దు.

ఫ్లెమింగోల దగ్గర అద్దాలు ఎందుకు పెట్టారు?

చాలా అందమైన ఉపాయం ఇది. ఫ్లెమింగోలు పెద్ద గుంపులో ఉన్నామనిపిస్తేనే గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి. గుంపు చిన్నదైతే అద్దాలు పెడతారు, రెట్టింపు మంది ఉన్నట్టు కనిపిస్తుంది. వాటి గులాబీ రంగు కూడా తిండి నుంచి వచ్చేదే, సరైన ఆహారం పడకపోతే పాలిపోతాయి.

ఒక బిస్కెట్ పెడితే ఏమవుతుందండీ?

మీరు పెట్టేది ఒకటే, కానీ ఆ రోజు వచ్చే వేలమందిలో వందమంది అలాగే అనుకుంటారు. కడుపు పాడవుతుంది, కవరు మింగితే పేగులకి అడ్డం పడి ప్రాణమే పోవచ్చు. పెట్టొద్దు.

జాలీ అడ్డొస్తుంటే ఫొటో ఎలా తీయాలి?

లెన్స్‌ని జాలీకి వీలైనంత దగ్గరగా పెట్టి, జంతువు వెనక్కి వెళ్లేదాకా ఆగండి, తీగలు మాయమైపోతాయి. బారికేడ్ మాత్రం దాటొద్దు. అద్దమైతే ఫోన్‌ని దానికి ఆనించండి, ముదురు రంగు బట్టలు వేసుకుంటే అద్దంలో మీ ప్రతిబింబం పడదు. ఫ్లాష్ ఆపేయండి.

## ఇంటికొచ్చాక

ఒకసారి చూసేశాం, మళ్లీ వెళ్తే బోర్ కదా?

అదే జంతువుని వేరే ఋతువులో చూడండి. ఎండాకాలం నీళ్లలోంచి కదలని పులి చలికాలం పరుగులు తీస్తుంది, మగ నెమలి పురి రాలిపోయి ఉంటుంది, కిందటిసారి తల్లి పొట్టకి కరుచుకున్న కోతిపిల్ల ఈసారి తోక పట్టుకుని లాగుతుంటుంది. ఒకే జంతువుని పేరుతో గుర్తుపట్టే స్థాయికి వచ్చాక జూ పూర్తిగా వేరే చోటులా అనిపిస్తుంది.

మా పిల్లాడు అడుగుతున్నాడు: అంత ప్రేమ ఉంటే అడవిలో వదిలేయొచ్చు కదా?

మంచి ప్రశ్న, నిజం చెప్పండి. జూలో పుట్టిన జంతువుకి అడవి రాదు. 1980లలో బ్రెజిల్‌లో బంగారు టామరిన్ కోతుల్ని వదిలినప్పుడు, స్థిరంగా ఉండే కర్రల మీద పెరిగిన ఆ కోతులకి ఊగే సన్నని కొమ్మల మీద నడవడం తెలియలేదు, తిండి వెతుక్కోవడం రాలేదు, చాలా చనిపోయాయి. ఆ తర్వాత ముందుగా అలవాటు చేసి, వదిలాక కూడా కొన్నాళ్లు తిండి పెట్టి చూసుకున్నారు, వాటి పిల్లలు మాత్రం అడవిలోనే పుట్టి అన్నీ నేర్చుకున్నాయి. కాలిఫోర్నియా కాండార్ రాబందులు 1987కి ప్రపంచం మొత్తంలో 27 మాత్రమే ఉంటే అడవిలో మిగిలిన వాటిని కూడా పట్టి జూలకి తెచ్చారు. పిల్లలు మనిషిని తల్లి అనుకోకుండా కాండార్ తల ఆకారంలో ఉన్న బొమ్మని చేతికి తొడుక్కుని తినిపించారు. 1992లో వదిలిన వాటిలో కొన్ని కరెంటు తీగలకి తగిలి చనిపోయాయి. అప్పట్నుంచీ వదలబోయే ముందు ఆవరణలోనే ఒక ఉత్తుత్తి కరెంటు స్తంభం పాతి, దాని మీద వాలితే చిన్న షాక్ తగిలేలా పెడతారు. కొన్నిసార్లు తగిలాక అవి స్తంభం జోలికి పోకుండా చెట్టు మీద వాలడం నేర్చుకుంటాయి.